ఓడించినవాళ్ళే తగిలించాలి

నాకు భయం పుట్టుకతో వచ్చిందని మా ఆయన అంటారు. అది తప్పు. పిల్ల పుట్టాక వచ్చింది. అంతకుముందు నేను కూడా నలుగురిలాగే ఇస్త్రీపెట్టె స్విచ్ కట్టేశానో లేదో ఒక్కసారే చూసుకునేదాన్ని.

ఆ పిల్ల పెద్దయ్యాక ఏ బడిలోనో పాఠాలు చెప్పుకునేదైతే నా భయాలకు ఒక హద్దు ఉండేది. అదేమో బాక్సరైంది. మా లాండ్రీకి నాలుగు వీధుల అవతల, టైర్ల షాపు మీద పొడుగాటి గది ఒకటి ఉంది. అక్కడ బాక్సింగ్ నేర్పుతారు. పన్నెండేళ్ళప్పుడు ఆ మెట్లెక్కిన పిల్ల ముప్పై ఏళ్ళు వచ్చినా దిగలేదు. అక్కడ దాన్ని అందరూ 'మేకు' అంటారు. ఎవరెంత కొట్టినా నిలబడ్డ చోటు నుంచి కదలదనీ, తను కొడితే మాత్రం లోపలికి దిగుతుందనీ. నేను ఏరి కోరి పెట్టుకున్న పేరు రేషన్ కార్డులోనే మిగిలిపోయింది.

అది అప్పటివరకు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. వినేవాళ్ళకు అది గొప్ప. నాకు మాత్రం గెలిచిన ప్రతిసారీ ఎక్కడో ఒక ఓటమి ఇంకాస్త బలిసి కూర్చుందనిపించేది. వాన ఎంత ఆలస్యమైతే అంత గట్టిగా కురుస్తుందని మా అమ్మ అనేది. ఆవిడ వాన గురించే అంది. నేను అన్నిటికీ వాడుకుంటాను.

అందుకే ఈ ఏడాది మొదట్లో ఒక రోజు అది భుజం రుద్దుకుంటూ, ఇక మానేద్దామనుకుంటున్నానని చెప్పినప్పుడు నేను పెరట్లోకి వెళ్ళి, ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడి ఏడ్చాను. సంతోషంతోనే. ఎడమ భుజం మునుపటిలా లేదట. అక్కడి మాస్టారు పిల్లలకు నేర్పే పని ఇస్తానన్నారట. అల్లుడు కరెంటు పనులు చేస్తాడు, ఇద్దరికీ ఏ లోటూ లేదు. ఓడకుండా మానేసింది. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, ఆ వారమంతా ఇస్త్రీ చేస్తూ లోలోపల అదే అనుకునేదాన్ని. మడత మీద మడతలా చక్కగా కూర్చునేది.

నెల తిరక్కుండానే ఏటి అవతలి జిమ్ము నుంచి కబురొచ్చింది. అక్కడ ఒక పిల్ల ఉంది. చేపల గిడ్డంగిలో ఐసు పెట్టెలు మోస్తుంది. ఇరవై రెండేళ్ళు. మనిషి పొడుగు, చేతులు అంతకంటే పొడుగు. దాన్ని 'నిచ్చెన' అంటారు. ఆ పిల్ల కూడా ఈ మధ్య అందర్నీ ఓడించుకుంటూ వస్తోంది. మేకు మానేసేలోపు ఒక్కసారి తనతో దిగాలని ఆశపడుతోందట. ఒప్పుకుంటారో లేదో శుక్రవారానికల్లా చెప్పమన్నారు.

"మేకూ, నిచ్చెనా," అన్నారు మా ఆయన, చొక్కాలకు చీటీలు కడుతూ. "ఒక సుత్తి కూడా దొరికితే ఇల్లు కట్టేయొచ్చు."

ఆయనకు అన్నీ అలాగే ఉంటాయి. నాకు మాత్రం అప్పటికే ఆస్పత్రి వాసన ముక్కుకు తగులుతోంది.

మర్నాడు అమ్మాయి లాండ్రీకి వచ్చింది. ఖాళీగా ఉంటే వచ్చి నాతోపాటు దుప్పట్లు మడతపెడుతుంది. అటు కొస అది, ఇటు కొస నేను పట్టుకుని లాగుతున్నాం. అప్పుడు అడిగింది, ఓడకుండా ఆపేస్తే పేరు నిలబడిపోతుందంటావా అని.

"నిలబడక? పాలు పొంగకముందే దించుకోవాలి," అన్నాను.

"పొంగితేనే కదమ్మా కాగినట్టు?"

ఈ పిల్లకు మాట అందించడం నాదే తప్పు. నేను దుప్పటి కొస నా వైపు గట్టిగా లాగి, ఓడినవాళ్ళను ఎవరూ తలుచుకోరు, గెలిచి గెలిచి ఆపేసినవాళ్ళ పేరుకు తిరుగుండదు అని చెప్పాను. అది వాదించలేదు. ఏమో, మాస్టారినే అడుగుతాను, ఆయనకంటే ఎవరికి తెలుస్తుంది అంది.

ఆ మాటతో నా గుండె మీది బరువు దిగింది. ఎందుకంటే మాస్టారు కూడా ఒక్క మ్యాచ్ ఓడకుండా మానేసినవారే. ఆయన్ను 'సున్నా మాస్టారు' అంటారు, ఓటముల లెక్కలో సున్నా కాబట్టి. ముఖం మీదే అంటారు, ఆయనా పలుకుతారు. డెబ్బైకి దగ్గర పడ్డారు. ముక్కు తిన్నగా ఉంటుంది, చెవులు చెవుల్లా ఉంటాయి, నిన్న ఏం తిన్నారో ఇవాళ చెప్తారు. బాక్సర్లలో ఇది చిన్న విషయం కాదు. ఇంత నిలువెత్తు సాక్ష్యం ఎదురుగా ఉండగా ఇక నాకు దిగులేమిటి? అయినా ఎందుకైనా మంచిదని, అమ్మాయి కంటే ముందు నేనే ఆయన్ను కలవాలనుకున్నాను.

జిమ్ము తువ్వాళ్ళు మా దగ్గరే ఉతుకుతాం. మామూలుగా మా ఆయన పట్టుకెళ్ళి మెట్ల దగ్గర పెట్టి వస్తారు. ఆ పొద్దున నేనే మూట ఎత్తుకుని మెట్లెక్కాను. ఇన్నేళ్ళలో ఆ గదిలోకి వెళ్ళింది తక్కువ. వెళ్ళినా గుమ్మంలో నిలబడి, పిల్లను కేకేసి, నేల చూపులు చూస్తూ వచ్చేసేదాన్ని. ఆ రోజు సరిగ్గా చూశాను. మధ్యలో రింగు, పక్కన వేలాడే ఇసుక సంచులు, రబ్బరు వాసన. కింది షాపులో టైర్లకు గాలి కొడుతుంటే నేల సన్నగా వణుకుతోంది. కిటికీ పక్క గోడనిండా కొక్కేలు, కొక్కేనికొక జత చొప్పున పాత గ్లౌజులు.

మాస్టారు తువ్వాళ్ళు అరలో సర్దుకుంటూ నేను చెప్పిందంతా విన్నారు. అమ్మాయి అడిగితే మానెయ్యమని చెప్పండి, మీరు చేసిందే చెయ్యమనండి అని బతిమాలాను.

"నేనేం చేశానో చెప్తాను చెల్లెమ్మా," అన్నారు. "చెయ్యమనో వద్దనో మాత్రం చెప్పను. ముందు ఈ గోడ మీద నావి ఏవో చూపించు."

వెతికాను. వేటి మీదా పేర్లు లేవు. పెద్దవారు కదా, పై వరసలో ఉంటాయన్నాను. ఆయన నవ్వి, ఇనుప బీరువా కింది అరలోంచి ఒక గుడ్డసంచి తీశారు. అందులో నల్ల గ్లౌజులు. ఆకారం చెడకుండా లోపల కాగితాలు కుక్కి ఉన్నాయి. తోలుకు నూనె రాసి ఉంది. బట్టల పనిలో చెయ్యి తిరిగిన మనిషిని, చూడగానే తెలిసింది, ఏళ్ళ తరబడి ఎవరో వాటిని శ్రద్ధగా చూసుకుంటున్నారని.

అప్పుడు చెప్పారు ఆ గోడ సంగతి. ఆ జిమ్ములో ఒక పద్ధతి ఉందట, ఎవరు పెట్టారో ఆయనకే తెలియదు. ఆట మానేసినవాళ్ళు తమ గ్లౌజులు తామే తగిలించుకోకూడదు. గురువు కూడా తగిలించకూడదు. ఆఖరుసారి ఎవరి చేతిలో ఓడారో ఆ మనిషే వచ్చి తగిలించాలి. తగిలించి, ఈ మనిషికి ఎదురుగా నిలబడితే ఎలా ఉంటుందో అందరి ముందూ చెప్పాలి. ఎంత దూరం నుంచైనా వస్తారట. ఒకాయన రైలు దిగి నేరుగా వచ్చి, గ్లౌజులు తగిలించి, మాట పెగలక అలాగే నిలబడిపోయి, మళ్ళీ రైలెక్కేశాడట. అది కూడా చెప్పినట్టే లెక్కట. పిల్లలు ఆ మాటలన్నీ నోటికి నేర్చుకుంటారు. ఏ జత చూపించినా, ఆ మనిషి ఎలా కదిలేవాడో, ఎక్కడ పొరపాటు చేసేవాడో అప్పజెప్తారు.

"మరి మీవి?" అన్నాను.

"నన్ను ఓడించినవాడు లేడుగా. ఎవరొచ్చి తగిలిస్తారు?"

గోడ మధ్యలో ఎర్ర జత ఒకటి చూపించారు. అవి బస్సు డ్రైవరుగా పనిచేసిన ఒకాయనవి. మాస్టారి ఈడువాడే. గెలిచిందెంతో ఓడిందీ అంతే. ఒకప్పుడు వాళ్ళిద్దరికీ మ్యాచ్ పెడదామని ఊరంతా ఎదురు చూసిందట. సరిగ్గా అప్పుడే మాస్టారు మానేశారు. పేరు చెడకూడదని.

"డ్రైవరు ఎడమచేత్తో కింద నుంచి దెబ్బ ఎలా తెచ్చేవాడో ఈ పిల్లల్లో ఎవర్ని అడిగినా చేసి చూపిస్తారు," అన్నారు. "నా గురించి రెండే మాటలు చెల్లెమ్మా. ఓడలేదంటారు. డ్రైవరుతో దిగుంటే ఏమయ్యేదో అంటారు. నేను ఎలా కొట్టేవాణ్ణని అడిగినవాడు లేడు. చెప్పగలిగినవాళ్ళూ లేరు. నాకే సరిగ్గా గుర్తులేదు."

నాకు ఆయన మీద జాలి కలగాలి. కలగలేదు. "ముక్కు తిన్నగా ఉంది కదా మాస్టారూ," అన్నాను.

ఆయన ముక్కు తడుముకున్నారు. అందుకు తాను రోజూ సంతోషపడుతూనే ఉంటానన్నారు. మానెయ్యడంలో తప్పు లేదని, చాలనిపించి మానేస్తే అంత హాయి ఇంకోటి లేదని కూడా చెప్పారు. తాను మాత్రం చాలనిపించి మానలేదు, ఆ సున్నాను కాపాడుకోవడానికి మానేశారు. ఆ రోజు మొదలుపెట్టిన కాపలా ఇంకా దిగలేదట.

మెట్లు దిగుతూ నన్ను నేను తిట్టుకున్నాను. కుక్కతోక పట్టుకుని ఏరు దాటాలనుకున్న తెలివి నాది. ఈయన అమ్మాయికి ఇదే కథ చెప్తే అది నిచ్చెన ఎక్కడానికే చూస్తుంది. పోనీ చెప్పకపోతే? అది మానేస్తుంది, సరే. దాని గ్లౌజులకు కూడా ఏదో ఒక రోజు ఇలాగే నూనె రాసుకుంటూ కూర్చుంటుంది. అది కూడా నాకు నచ్చలేదు.

భయపడేవాళ్ళకు బుర్ర పదునుగా ఉంటుంది. ప్రమాదం ఎటు నుంచి వస్తుందో వెతికి వెతికి ఆ పదును వస్తుంది. చివరి మెట్టు మీద నాకు తట్టింది. కావలసింది ఓడించినవాళ్ళు ఒకరు. అంతే కదా. కొత్తగా ఓడటం ఎందుకు, పాత ఓటమి ఏదైనా దొరికితే చాలదా?

అల్లుడు కూడా చిన్నప్పుడు ఆ జిమ్ములోనే నేర్చుకున్నాడు. వాళ్ళిద్దరికీ పరిచయం అక్కడే. పెళ్ళి విందులో తన స్నేహితుల మధ్య కూర్చుని, నేనోసారి ఈవిడను పడగొట్టాను తెలుసా అని గొప్పగా చెప్పడం నా చెవులతో విన్నాను. ఇంటికి కూడా పోకుండా నేరుగా అతను పనిచేస్తున్న చోటికి వెళ్ళాను. కొత్తగా తెరవబోయే మందుల షాపు అది. స్విచ్‌బోర్డు ముందు గొంతుకు కూర్చుని, పళ్ళ మధ్య స్క్రూడ్రైవరు కరుచుకుని ఉన్నాడు.

"బాబూ, నువ్వోసారి దాన్ని పడగొట్టావు కదూ?"

అతను ముందు నా వెనక ఎవరైనా ఉన్నారేమో చూశాడు. తర్వాత స్క్రూడ్రైవరు తీసి, "ఎవరు చెప్పారత్తయ్యా?" అన్నాడు.

"నువ్వే. పెళ్ళిలో."

"పెళ్ళిలో పరువు కోసం సవాలక్ష చెప్తాం. ఆ రోజు తన బూటు లేసు ఊడి కాలికింద పడింది. నేను గాల్లో గుద్దాను, తను నేలమీద కూర్చుంది. లేచాక నాకేమైందో మాత్రం పెళ్ళిలో చెప్పలేదు."

నా ఆలోచన వివరంగా చెప్పాను. నువ్వు వెళ్ళి గ్లౌజులు తగిలించు, లేసు సంగతి ఎత్తకు, గొడవ వదిలిపోతుంది, పిల్ల క్షేమంగా ఇంట్లో ఉంటుంది అన్నాను. అతను ఓపిగ్గా విన్నాడు. మంచి పిల్లాడు, నా మాట ఎప్పుడూ మధ్యలో ఆపడు.

"అత్తయ్యా," అన్నాడు చివరికి, "ఆ గోడ ముందు నిలబడి అబద్ధం చెప్పానంటే మీ అమ్మాయి నన్నే కొక్కేనికి తగిలిస్తుంది."

చెప్పొద్దని నేను అడిగాను, చెప్పనని అతనూ అన్నాడు. సాయంత్రానికల్లా దానికి తెలిసిపోయింది. మొగుడూ పెళ్ళాల మధ్య రహస్యం దాచాలనుకోవడం జల్లెడలో నీళ్ళు తేవడమే.

అది లాండ్రీకి వచ్చి, మాసిన బట్టల మూట మీద కూలబడి, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వింది. మా ఆయన కూడా కౌంటరు మీద తల పెట్టుకుని నవ్వారు. నేను తెల్లచొక్కా కాలరు ఇస్త్రీ చేస్తూ తల ఎత్తలేదు.

నవ్వు అయిపోయాక అది అడిగింది. "అమ్మా, నేను ఎలా కొడతానో నీకు తెలుసా?"

"గట్టిగా."

"అది వాళ్ళూ వీళ్ళూ చెప్పేది. నువ్వెప్పుడైనా చూశావా?"

చూడలేదు. దాని మ్యాచ్ ఉన్న రోజున నేను ఇంట్లో ఫోను పక్కన కూర్చుంటాను. మోగగానే రెండే అడుగుతాను. దెబ్బలు తగిలాయా? గెలిచావా? అది చెప్పగానే పెట్టేస్తాను. గెలిచిన మ్యాచ్‌లు ఇంట్లో టీవీలో పెట్టినా నేను వంటింట్లోకి పోతాను. గెలిచిందని తెలిసినా సరే, ఆ చేతులు దాని ముఖం మీదికి వస్తుంటే చూడలేను.

"మాస్టారి గురించి ఊరికి ఎంత తెలుసో నా గురించి నీకూ అంతే తెలుసమ్మా," అంది. దెప్పడానికి అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది.

"నేను నీ ప్రాణం చూసుకున్నాను. నీ ఆట చూడటానికి నాకు కళ్ళెక్కడివి?" అన్నాను.

"తెలుసు."

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాను. లేకపోతే ఆ చొక్కా అక్కడే కాలిపోయేది. అది నెమ్మదిగా చెప్పుకొచ్చింది. మాస్టారు తన కథ చెప్పారు గానీ దిగమనీ అనలేదు, వద్దనీ అనలేదు. డాక్టరు పరీక్ష చేసి, భుజం ఇంకొక్క మ్యాచ్‌కు ఓర్చుకుంటుందన్నాడు. పేరు నిలబడుతుందా లేదా అని ఆలోచించి ఆలోచించి విసుగొచ్చిందట. ఆ పొడుగు పిల్ల ఎదురుగా నిలబడాలని మాత్రం ఉందట. ఒప్పుకుంటున్నానని రేపు చెప్పేస్తుందట. గెలిచినా ఓడినా అదే ఆఖరు.

"కానీ నువ్వొచ్చి చూడాలి," అంది.

"నేను మూర్ఛపోతాను."

"పో. కళ్ళు తెరుచుకుని పో."

నేను ఏమీ అనకముందే మా ఆయన, వస్తుందిలే అన్నారు, నేనేదో పక్కింటికి వెళ్తున్నట్టు.

మ్యాచ్ ఆ పై నెలలో ఒక శనివారం మధ్యాహ్నం. రైల్వే కాలనీలో పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే హాలది. ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో రింగు. నా సంచిలో దూది, కట్టు గుడ్డ, గ్లూకోజు, ఒక జత పొడి బట్టలు, డాక్టరు నంబరు రాసిన చీటీ పెట్టుకున్నాను. నాకు ఒక పక్క మా ఆయన, ఇంకో పక్క అల్లుడు కూర్చున్నారు. పారిపోతానని అనుమానం కాబోలు.

గంట మోగింది. జనం అరిచారు. మళ్ళీ గంట మోగింది.

"అత్తయ్యా, ఒక రౌండు అయిపోయింది," అన్నాడు అల్లుడు. "మీరు ఇంతసేపూ మీ చెప్పులు చూశారు."

రెండో రౌండుకు తల ఎత్తాను.

బాక్సింగంటే వీధిలో ఇద్దరు జుట్టూజుట్టూ పట్టుకున్నట్టుంటుందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. అలా లేదు. ఆ పొడుగు పిల్ల చేతులు తడి దుప్పటి విదిలించినట్టు దూరం నుంచి వచ్చి పడుతున్నాయి. మా అమ్మాయి తల ఒక్క వేలెడు పక్కకు జరుగుతోంది. ఆ వేలెడే. పిడికిలి చెవి పక్క నుంచి పోతోంది. అంతకంటే ఎక్కువ జరగదు, తక్కువా జరగదు. ఇంట్లో అన్నం ఉడకడానికి ఐదు నిమిషాలు ఆగమంటే గిన్నె మూత పదిసార్లు ఎత్తే పిల్ల. దానికి ఇంత ఓపిక ఎక్కడిదో నాకు అర్థం కాలేదు. నేను కన్న పిల్లే, నాకు తెలియని మనిషి. చూస్తుంటే భయం పోలేదు గానీ, భయం పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది, దానికి కాస్త జరిగి చోటిచ్చినట్టయింది.

మూడో రౌండులో పెదవి చిట్లింది. నేను లేచాను. మా ఆయన నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టారు. నాలుగో రౌండు గడిచింది.

ఐదో రౌండులో ఆ పిల్ల మా అమ్మాయిని మూలకు నెట్టింది. తాళ్ళకు ఆనించి కొడుతోంది. హాలంతా లేచి నిలబడింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఏ ఆస్పత్రి దగ్గరో, ఆటో దొరుకుతుందో లేదో అన్నీ తలలో తిరిగిపోయాయి. అయినా చూడమంది కదా, చూస్తూనే ఉన్నాను. అప్పుడు దాని ముఖం కనిపించింది. దెబ్బలు తినే మనిషి ముఖం కాదు. పట్టుచీర మీద ఆవిరి పట్టించేటప్పుడు ఎప్పుడు తియ్యాలా అని చూస్తామే, అలా చూస్తోంది. నేనూ అది చూస్తున్న వైపే చూశాను. ఆ పొడుగు పిల్ల కుడిచెయ్యి విసిరే ముందు ప్రతిసారీ మోచెయ్యి కాస్త పైకి లేస్తోంది. ఒకసారి లేచింది. మా అమ్మాయి ఓర్చుకుంది. ఇంకోసారి లేచింది. ఓర్చుకుంది. మళ్ళీ లేవగానే, వెనక్కి పోవలసిన మనిషి ముందుకు వచ్చింది. ఆ చెయ్యి కిందుగా దూరి, ఎడమ పిడికిలి పక్కటెముకల కింద పెట్టింది. కొట్టిందని అనడానికి నాకు మనసు రావడం లేదు. చోటు చూసి పెట్టింది.

ఆ పిల్ల నోరు తెరుచుకుంది, శబ్దం రాలేదు. తర్వాత ఆ పిల్ల తాళ్ళు పట్టుకుని వేలాడింది, గంట మోగింది, ఆ గంటే దాన్ని కాపాడింది.

ఆఖరిదైన ఆరో రౌండులో మా అమ్మాయి ఎడమ భుజం లేవలేదు. అది తెలిసి ఆ పిల్ల దూరం నుంచే ఆడింది, తెలివిగా. చివరికి ముగ్గురు జడ్జీల్లో ఒకరు మా అమ్మాయికి, ఇద్దరు ఆ పిల్లకు ఇచ్చారు.

ఓడిపోయింది. పద్దెనిమిదేళ్ళుగా నేను ఎదురుచూసిన వాన వచ్చేసింది. హాలు కప్పు కూలుతుందేమోనని నిజంగా పైకి చూశాను. అక్కడ ఫ్యాను తిరుగుతోంది. రింగులో మా అమ్మాయి ఆ పొడుగు పిల్లను కావలించుకుని, దాని భుజం మీది నుంచి నన్ను వెతికింది. చూశావా అన్నట్టు గడ్డం ఎత్తింది. చూశానని తల ఊపాను. వాచిన పెదవితో నవ్వింది. గెలిచిన రోజుల్లో అలా నవ్విందో లేదో నాకు తెలియదు. ఫోనులో నవ్వు కనపడదు.

లోపలికి వెళ్తే అది మొదట అన్న మాట, ఆకలేస్తోందమ్మా అని. నా సంచిలో అన్నీ ఉన్నాయి, తినడానికి మాత్రం ఏమీ లేదు. అల్లుడు పరుగెత్తుకెళ్ళి గుడ్లూ రొట్టే తెచ్చాడు.

ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున ఆ పొడుగు పిల్ల బస్సు దిగి, టైర్ల షాపు మెట్లెక్కి వచ్చింది. జిమ్ములో పిల్లలంతా నేలమీద కూర్చున్నారు. నేను అలవాటుగా గుమ్మంలోనే నిలబడ్డాను. మాస్టారు గ్లౌజులు తెచ్చి ఆ పిల్ల చేతికిచ్చారు. రింగులో అంత ధీమాగా ఉన్న పిల్ల, ఇక్కడ చెమటలు తుడుచుకుంటూ, కొక్కేనికి వెయ్యబోయి ఒకసారి కింద పడేసింది. పిల్లలు కిసుక్కుమన్నారు. మళ్ళీ తీసి వేసింది. డ్రైవరు గారి ఎర్ర జతకు కాస్త దిగువన.

"అక్క ఎదురుగా నిలబడితే, తొందరపడుతున్నది మనమేనని తెలుస్తుంది," అంది. "మనం కొట్టడానికి చోటిస్తుంది. ఎంతో చోటు దొరికిందని మనం ఉబ్బిపోతాం. ఆ చోటు తనే ఇచ్చిందని తర్వాత తెలుస్తుంది." మొదటి నాలుగు రౌండుల గురించి ఒక్కోటీ గుర్తు చేసుకుంటూ చెప్పింది. ఆరోది కూడా చెప్పింది. "ఐదోది నన్నడక్కండి. పక్కటెముకల్లో తగిలిన దగ్గర్నుంచి నాకేం గుర్తులేదు. ఎలా తగిలిందో కూడా తెలీదు. అక్కనే అడగండి."

పిల్లలు మా అమ్మాయి వైపు తిరిగారు. అది భుజాలెగరేసింది. మూలలో అన్ని దెబ్బలు తిన్నాక తనకూ సరిగ్గా గుర్తులేదంది. పిల్లల ముఖాలు చిన్నబోయాయి. వాళ్ళు వచ్చిందే ఆ ఐదో రౌండు కోసం.

"నేను చూశాను," అన్నాను.

గొంతు నాదేనని అందరూ తిరిగాక తెలిసింది. కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. ఆదివారం కదా, కింద టైర్లకు గాలి కొట్టే మోటారు ఆడటం లేదు, దాని మీదికి నెట్టడానికి కూడా లేదు.

వరసలో ముందు కూర్చున్న ఒక పిల్ల, ఎదురుగా నిలబడ్డవాళ్ళే కదా మాస్టారూ చెప్పాలి, అంది. పద్ధతి పద్ధతే. మాస్టారు గోడ వైపు చూశారు, నా వైపు చూశారు.

"ఈ చెల్లెమ్మ పద్దెనిమిదేళ్ళు మేకుకు ఎదురుగానే నిలబడింది," అన్నారు. "చెప్పనివ్వండి."

గుమ్మం దాటి లోపలికి వెళ్ళాను. మూల ఎటు ఉందో చెప్పాను. ఆ పొడుగు పిల్లను పిలిచి నిలబెట్టి, మోచెయ్యి ఎత్తమన్నాను. అది అచ్చం ఆ రోజులాగే ఎత్తింది, తనకే తెలియకుండా. ఇదిగో ఇదే, మూడుసార్లు ఇలా లేచింది, రెండుసార్లు మా పిల్ల ఓర్చుకుంది అని చూపించాను. ఆ పిల్ల తన మోచేతిని వింతగా చూసుకుంది. మూడోసారి ఇలా దూరిందని, నేనూ ఆ చెయ్యి కిందుగా వంగి, ఎడమ పిడికిలి ఆ పొడుగు పిల్ల పక్కటెముకలకు ఆనించాను. ఇంత వయసులో, చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

"ఎడమ కాదమ్మా, కుడి," అంది మా అమ్మాయి. "నా ఎడమ భుజం అప్పటికే పోయింది."

"ఎడమే. పోయింది దాంతోనే. నేను చూశాను."

"కొట్టినదాన్ని నేను."

"తిన్నదాన్ని నేనక్కా," అంది పొడుగు పిల్ల, చెయ్యి కుడి పక్కటెముకల మీద పెట్టుకుని. "ఇప్పటికీ దగ్గితే ఇక్కడే నొప్పి. ఆంటీ చెప్పిందే నిజం. ఎడమే."

అప్పుడు నవ్వారందరూ. ముందు కూర్చున్న పిల్ల, మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది. మోచెయ్యి లేచిన దగ్గర్నుంచి మళ్ళీ చెప్పాను. ఈసారి మా అమ్మాయి కూడా నేలమీద పిల్లల మధ్య కూర్చుని వింది.